తడి పోగు, పదో తరగతి మెమో

ధర్మవరంలో మా వీధి ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి సహాయకురాలిగా పనిచేసిన మా ఆయమ్మ పోయిన మంగళవారం హిందూపురం ఆసుపత్రిలో మరణించారు. చావుకు కనీస విద్యార్హత ఇంకా నిర్ణయించనందువల్ల అక్కడ ఆమెను ఎవరూ తిప్పి పంపలేదు.

తిప్పి పంపిన చోటు వేరే ఉంది. దాని ప్రస్తావన లేకుండా ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు.

తోపుడుబండి మీద గాజులమ్మే ఇంట్లో పుట్టి, ఆమె ఐదో తరగతి వరకు చదివారు. నియామక పత్రం ప్రకారం ఆమె విధులు రెండు: పిల్లల చేతులు కడిగించడం, ఉపాధ్యాయునికి సహకరించడం. ఉన్న ఒక్క ఉపాధ్యాయుడూ ఐదు తరగతుల మధ్య తిరుగుతుండేవారు కనుక, సహకారమనగా మాకు అక్షరాలు నేర్పడమని ఆమె అర్థం చేసుకున్నారు. ఈ వ్యాఖ్యానానికి పై అధికారుల ఆమోదం లేదు.

మగ్గాల ఇళ్లలో తెగిపడిన పట్టుపోగులను ఆమె కొంగున మూటగట్టి తెచ్చేవారు. పోగును నీళ్లలో తడిపి పలక మీద అక్షరంగా పరవాలి. వంకరపోతే చెరపనక్కరలేదు, వేలితో జరిపితే చాలు. తెగితే, మా అమ్మలు మగ్గం మీద చేసినట్టే, వేళ్లకు బూడిద అద్దుకుని మెలేసి అతకాలి.

"ఏడుస్తావేంరా? పలక తడిగా ఉన్నంతసేపూ యా అక్షరమైనా సరైతాది," అనేవారు.

నా మొదటి 'అ' ఆవపూవు రంగు పోగుతో తయారైంది. తరువాత విశ్వవిద్యాలయం నాకు మూడు పట్టాలిచ్చింది. వాటి బలంతో నేను ఇంతవరకు ఎవరికీ ఒక్క అక్షరం నేర్పలేదు.

తరగతి సహాయకులకు పదో తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి అన్న నిబంధన వచ్చినప్పుడు, ఆమెకు తోడుగా పెనుకొండ విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లాను.

"టెన్త్ మెమో యాడుండాది, అవ్వా?" అన్నాడు గుమస్తా.

"లేదప్పా. ఐదు వరకే."

"మరి ఇన్నేండ్లు పిల్లోల్లకు ఏం చెప్తాండావు?"

"అక్షరాలు."

"ఏ అర్హతతో?"

"నాకు వస్తాయి గదప్పా," అన్నారు ఆయమ్మ.

గుమస్తా నవ్వి నిబంధనల కాగితం నా వైపు తోశాడు. ఆమె పక్షాన మాట్లాడవలసిన నేను దానిని స్పష్టమైన ఉచ్చారణతో ఆమెకు చదివి వినిపించాను.

"బాగా చదువుతావబ్బా," అన్నారామె. "'క్ష' కాడ వారం దినాలు ఏడ్చినోడివి."

నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. మొదటి పేరా: సదరు వ్యక్తి తరగతి గదిలో ఉండుటకు అనర్హురాలు. రెండో పేరా: వైదొలగుటకు ముందు సదరు వ్యక్తి, కొత్తగా నియమితులైన అర్హురాలికి పదిహేను దినములు శిక్షణ ఇవ్వవలెను. రెండింటికీ కలిపి ఒకటే సంతకం. ఆ కాగితం ముట్టుకున్న ప్రతిసారీ ఎవరిదో ఎంగిలి విస్తరి ఎత్తినట్టు చేతులు కడుక్కోవాలనిపించింది. ఆ కడుక్కోవడం నేర్పిందీ ఆమే.

"రానని చెప్పు ఆయమ్మా," అన్నాను.

"ఆ పాప ఏం చేసిందిరా? పిల్లోల్లేం చేసినారు?" అని ఆమె పదిహేను రోజులూ వెళ్లారు. ముదిగుబ్బ నుంచి బస్సులో వచ్చే ఆ డిగ్రీ అమ్మాయికి పోగు తడపడం, పరవడం, అతకడం నేర్పారు. చివరి రోజు పోగుల మూట ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "కట్టెల బూడిదే తే పాపా. ఊదుకడ్డీలది వద్దు, పోగు జారుతాది," అన్నారట.

అంత్యక్రియల మరునాడు బడికి వెళ్లాను. సంతాప తీర్మానం ఏమైనా రాశారా అని అడిగాను.

"ఆయమ్మ ఇప్పుడు మన స్టాఫ్ కాదంట సార్," అంది ఆ అమ్మాయి, నా ముఖం చూడకుండా. "రిజిస్టర్లో రాయకూడదంట."

కిటికీ అంచున ఒక పలక ఉంది. నీరు ఆరిపోయినా ఊదారంగు పోగు ఇంకా 'అ' ఆకారంలోనే నిలిచి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా దాని కొస లేస్తోంది. ఆ అమ్మాయి రెండు అరచేతులూ అడ్డం పెట్టి, నేను వెళ్లేదాకా అలాగే నిలబడింది.