మొద్దుబారిన కాలికి అమ్మ పెట్టిన కాపడం

ఆత్మకూరు దగ్గర నాట్లు వేస్తుంటే ఒకరోజు కుడి పాదం కింద గులకరాయి తగిలినట్టయింది. కాలెత్తి చూసుకుంటే బురద తప్ప ఏమీ లేదు. మోపితే మళ్ళీ అదే రాయి. "ఏంది మే, వెనకబడతా ఉండావు? ముల్లేమన్నా గుచ్చుకునిందా?" అంది మా జట్టు పెద్ద. ముల్లయితే బాగుండేది, పిన్నీసుతో తీసేసుకునేదాన్ని.

ఆ రాయి నాతోపాటు ఇంటికొచ్చింది. నిలబడితే మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య కరెంటు షాకు కొట్టినట్టు మంట. నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. సాయంత్రం పూట ఇటుకముక్క కాల్చి, పైన జిల్లేడాకులు పరిచి కాపడం పెట్టేది. కాసేపు హాయిగా ఉండేది. ఆత్మకూరులో ఎక్స్‌రే తీసి ఎముకలు బాగున్నాయన్నారు. ఎముకలు బాగుంటే మనిషి బాగున్నట్టేనని బిళ్ళలిచ్చి పంపారు.

చివరికి నెల్లూరు డాక్టరుగారు పాదాన్ని రెండు పక్కలా పట్టి నొక్కారు. నా కేక బయట కూర్చున్న అమ్మకు వినబడింది. "మోర్టన్స్ న్యూరోమా అమ్మా. వేళ్ళ మధ్య నర్వ్ లావెక్కింది" అన్నారు. ఎమ్మారైలోనూ అదే తేలింది. స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్నాళ్ళే పనిచేసింది. "ఇక సర్జరీనే. నర్వ్ తీసేస్తే నొప్పి పోతుంది. వేళ్ళ దగ్గర మొద్దుబారి ఉంటుంది" అన్నారు. మొద్దుబారితే బారనీ, మళ్ళీ మడిలో దిగితే చాలనుకున్నాను.

సర్జరీ బాగా జరిగింది. కుట్లు తీశాక కాలు మోపితే రాయి లేదు. సంతోషంతో ఏడ్చాను. ఇంటికొచ్చాక పాదం బిగుసుకుపోయినట్టుందంటే అమ్మ మామూలుగానే ఇటుక కాల్చింది. "సుర్రుమంటే చెప్పు మే" అంది. సుర్రుమనలేదు. ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం. కాలు తీసి చూస్తే వేళ్ళ కింద తోలు తెల్లగా ఉబ్బి ఉంది.

డాక్టరుగారు కోప్పడలేదు. "మొద్దుబారడమంటే వేడి కూడా తెలియదమ్మా. నేనే విడమరిచి చెప్పాల్సింది" అన్నారు. చీము పట్టింది, మళ్ళీ ఆస్పత్రిలో పడుకున్నాను. పుండు మానేసరికి నెలలు పట్టింది. అక్కడ తోలు పల్చబడి, బురదలో నానితే చిట్లుతుంది. ఇక మడిలో దిగొద్దన్నారు. ఇప్పుడు నాట్లప్పుడు చెప్పులేసుకుని గట్టు మీద నుంచే నారు కట్టలు అందిస్తున్నాను. వంగిన నడుముల వరసలో నా చోటెక్కడో వెతుక్కుంటాను.

అమ్మ ఆ తర్వాత నా పాదం ముట్టుకోలేదు. "నా చేత్తోనే కాల్చినాను గదా" అనేది. "నా కాలు, నాకే తెలీలేదు. నీకెట్టా తెలుస్తాదమ్మా" అని ఎంత చెప్పినా వినలేదు. పోయిన ఎండాకాలం జబ్బుచేసి మంచాన పడింది. పక్కన కూర్చుంటే నా ముఖం కంటే నా కాలివైపే ఎక్కువ చూసేది. అలా చూస్తూనే పోయింది.

నర్వ్ సర్జరీ అయినవాళ్ళకు ఒక్కటే చెబుతాను. మొద్దుబారిన చోట ఏ కాపడమూ పెట్టకండి, స్నానం నీళ్ళయినా ముందు చేత్తో చూసుకోండి. ఆ సంగతి మీకొక్కరికే తెలిస్తే చాలదు, ఇంట్లో మీకు సేవ చేసేవాళ్ళకు మొదటిరోజే చెప్పండి. నా పుండు మానింది. అమ్మది మానకుండానే ఆమెతో పోయింది.