‘అట్లనే ఉంది’ అన్న తాజ్ బీ

సాబిర్ చాచా దమ్ బిర్యానీ వాసనకు తూప్రాన్ దాటిన బస్సు వెనక్కి తిరిగి మెదక్ వచ్చిందని చెబితే మా మనవలు నమ్మరు. సరే, బస్సు సంగతి వదిలేయండి. పెండ్లి ఆదివారం పడితే ఆ వాసన చర్చి దాకా వచ్చేది, మేం పిల్లలం ‘ఆమెన్’ ముందే అనేసి బయటికి పరుగెత్తేవాళ్లం. ఇదైతే ప్రమాణం చేసి చెప్తా.

సాబిర్ చాచా మాకు గోడవతల ఇల్లు. ఊళ్లో ఎవరి పెండ్లయినా, తురకలదైనా దొరలదైనా, వంటకు రాగి దేగ్చాల ముందు నిలబడేది ఆయనే. ఆయన భార్య తాజ్ బీ వంట పని మీద గడప దాటేది కాదు. బావర్చీల ఇండ్లలో ఆడవాళ్లు పెండ్లి పొయ్యి దగ్గరికి పోకపోవడం ఆచారం. ఇంట్లో మసాలాలు నూరి పంపడం వరకే వాళ్ల పని.

అరవై నాలుగులోనో ఐదులోనో, నేను దవాఖానాలో చీటీలు రాసే పనిలో ఉన్నప్పుడు, నవాబుపేటలో ఒక పెండ్లి జరిగింది. సాబిర్ చాచా దేగ్చా మూతకు గోధుమపిండి పెట్టి మూశాడు. మూత మీద నిప్పులు పోశాడు. పందిట్లో భోజనాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు, పెండ్లికొడుకు వైపువాళ్లు చేతులు కడుక్కుని కూర్చున్నారు. పిండి పగలగొట్టి మూత తీస్తే లోపల మరిగిన నీళ్లు, నాలుగు లవంగాలు. బియ్యం నానబెట్టిన గంగాళంలోనే ఉన్నాయి.

వారం తిరగకుండా తాజ్ బీ ఆయన్ని దవాఖానాకు తీసుకొచ్చింది.

“పొగకు కండ్లు మసకైనయ్, కృపా బేటా. డాక్టరమ్మకు జర చెప్పు,” అంది నాతో.

డాక్టరు నిర్మలమ్మ బందరు వైపు మనిషి. కండ్లు చూసింది, బాగానే ఉన్నాయంది. తర్వాత ఆయన్నే అడిగింది, “ఇవాళ ఏ వారమండీ?”

“వారంతోని బావర్చికేం పని డాక్టరమ్మా? పెండ్లెప్పుడో మీరు చెప్పుండ్రి, పొయ్యి నేను పెడత,” అని చాచా నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది. ఏది అడిగినా అంతే, జవాబు బదులు నవ్వు దొరికేది.

అప్పుడు నిర్మలమ్మ ఆయన్ని వరండాలో కూర్చోబెట్టించి, సొరుగులోంచి ఇంగ్లీషు ప్రశ్నల కాగితం తీసింది. “మతిమరుపు ఉన్నవాళ్లను అడిగితే మాట దాటేస్తారు. పక్కన ఉండేవాళ్లను అడగాలి. కృపాదానం, నువ్వు ఈమెకు అర్థమయ్యేలా చెప్పు,” అంది. కాన్వెంటు సిస్టర్లు నాకు నేర్పిన ఇంగ్లీషు దేనికైనా పనికొచ్చిందంటే అప్పుడే.

ప్రతి ప్రశ్నా ఒకే తీరు. పదేండ్ల కింద ఎట్లుండె, ఇప్పుడెట్లుంది? బాగుపడిందా, అట్లనే ఉందా, తగ్గిందా?

“చాచీ, దోస్తుల పేర్లు యాదికుంటున్నయా?”

“అట్లనే ఉంది.”

“ఇంట్ల సామాను యాడ పెట్టింది యాదికుంటదా?”

“అట్లనే ఉంది బిడ్డా.”

“పని తనంతట తాను చేసుకుంటడా?”

తాజ్ బీ నా వంక వింతగా చూసింది. “తనంతట తానా? మొగోడు ఏ పనైనా తనంతట తాను చేసిండా ఎన్నడన్న? అట్లనే ఉంది, రాసుకో.”

నిర్మలమ్మ కాగితం చూసి కలం కింద పెట్టింది. “ఈ లెక్కన మీ ఆయన నాకంటే నయమమ్మా.”

తాజ్ బీ బురఖా అంచు వేళ్లకు చుట్టుకుంది. “డాక్టరమ్మా, వచ్చే జుమ్మాకు కుల్చారంల రాజేందర్ దొర బిడ్డ పెండ్లి ఉంది. మాటిచ్చినం. మీరు వద్దన్నరని తెలిస్తే ఇగ ఆయనను ఎవరు పిలుస్తరు? గంటె లేకుంటే ఆ మనిషి బతకడు. ఆయన చేతులకెల్లి గంటె గుంజకుండ్రి.”

భయం అదన్నమాట. ఆమెకు ఆ కాగితం మందుచీటీలా కనబడలేదు, తీర్పులా కనబడింది.

నిర్మలమ్మ కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది. తర్వాత కాగితంలో లేని ప్రశ్న వేసింది. “సరే, ఆయన సంగతి వదిలేద్దాం. మీ సంగతి చెప్పండి. వెనకటికి లేని పనులు ఇప్పుడు మీకేం వచ్చి పడ్డాయి?”

తాజ్ బీకి హుషారొచ్చింది. తన పని గురించి ఆమెను అడిగిన మనిషి అంతవరకు లేడేమో.

“ఉప్పు మూటలు కడత. ఒక్కో దేగ్చాకు ఒక్కో మూట. మూట అయిపోతే ఇగ ఉప్పు లేదు, రెండుమార్లు వేసేతందుకు లేదు. ఎవరన్న ఇంటికొస్తే పర్దా ఎనక నుంచి నేనే గట్టిగ, ‘వాహెద్ భాయ్ వచ్చిండ్రు’ అంట. గప్పుడు ఈయన ‘రా వాహెద్’ అంటరు. నమాజుకు పోతే గల్లీ మలుపు దాక చూస్త, తిరిగొచ్చేదాక పొయ్యి మీద ఏదీ పెట్ట. చెప్పులు గడప దిక్కు తిప్పి పెడత, లేకుంటే...”



“లేకుంటే ఏమవుతుంది?” అంది నిర్మలమ్మ మెల్లగా.

“బయటికి పోదామని లేచి వంటింట్లకు పోతరు.” వరండాలో చాచా ఎవరికో జోకు చెప్పి నవ్వించడం వినబడుతోంది. తాజ్ బీ అటే చూసింది. “నేను గిన్ని చేస్తున్ననా, కృపా బేటా?”

నేను తలూపాను. ఆ ఒక్క జవాబుకు తర్జుమా అవసరం రాలేదు.

నిర్మలమ్మ గంటె గుంజలేదు. “వండనివ్వండి. కానీ నిప్పు దగ్గర ఆయన్ని ఒంటరిగా వదలకండి,” అంది.

“మా ఇండ్లల్ల ఆడోళ్లు పెండ్లి పొయ్యి కాడికి పోరమ్మా.”

“అయితే ఆయన ఎట్లా పోతాడు?”

తాజ్ బీ బురఖా సర్దుకుని లేచి, చాచాను వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

కుల్చారం పెండ్లికి నేనూ వెళ్లాను. పొయ్యిల పక్కన ఒక దుప్పటి అడ్డంగా కట్టి ఉంది. దాని వెనక నుంచి “బియ్యం,” అని ఒక గొంతు, కాసేపటికి “మూత.” దొరవారి తమ్ముడొకడు, “ఏం మియా, బేగం హుకుం లేంది గంటె తిప్పవా?” అని ఎగతాళి చేశాడు.

“నీకు పెండ్లయినంక అడుగు బేటా, చెప్త,” అన్నాడు చాచా, గంటె తిప్పుతూనే. ఆ రోజు మూత తీస్తే వచ్చిన వాసనకు కుల్చారం చెరువులో చేపలు గట్టెక్కాయి.

తర్వాత రెండు మూడేండ్లలో ఆ దుప్పటి పొయ్యిలకు ఇంకా దగ్గరగా జరిగింది. ఇంకొన్నాళ్లకు గంటె ఆమె చేతికొచ్చింది, చాచా దుప్పటి వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఆడమనిషి వంట ఏందని మొదట గొణిగినవాళ్లు రెండోసారి వడ్డించుకున్నాక గొణగలేదు.

చివరి రోజుల్లో ఒక పెండ్లిలో చాచా పక్కన కూర్చుని నేనూ తిన్నాను. నేనెవరో ఆయనకు తెలియదు. రెండు ముద్దలు తిని, గంటె పట్టుకున్న తాజ్ బీని చేయెత్తి పిలిచాడు.

“బీబీ, ఎవరు వండిండ్రు గిది? మస్తు చెయ్యి. రేపట్నుంచి నా కాడ పనికి రమ్మను.”

“చెప్త,” అంది తాజ్ బీ, ఆయన పళ్లెంలో ఇంకో బొమికె వేస్తూ. “వస్తడు తియ్యి.”