ఒకే గౌనుకు రెండు తరుగులు

నంద్యాల మార్కెట్ యార్డు పక్కగా స్కూటీ మీద పోతున్నప్పుడు గోనెసంచుల వాసన, దానితో కలిసిన వేరుశనక్కాయల మట్టివాసన తగిలితే చాలు, నా కడుపు దానంతటదే లోపలికి పోతుంది. నలభైకి దగ్గరపడిన మనిషిని, ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పే టీచర్‌ని, అయినా ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడాలనిపిస్తుంది. ఇది చిన్నప్పుడు మా ఊరు ఆళ్లగడ్డలో, శెట్టి అంగట్లో అంటుకున్న జబ్బు.

నాయన మా చర్చి బడిలో డ్రిల్లు మాస్టరు. బడి వెనక రేకుల షెడ్డులో నాకు బరువులెత్తడం నేర్పేవాడు. పద్నాలుగేళ్లకే జిల్లాలో నా అంత ఎత్తే పిల్ల లేదు. జాతీయ పోటీలకు పోయే రాష్ట్ర జట్టు ఎంపిక నంద్యాలలో, క్రిస్మస్ అయిన వారానికి. నా తరగతిలో ఒంటి బరువు నలభై కిలోలు దాటకూడదు. ఇంక చూడండి, మా ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు ఆ నలభయ్యే. చలికాలం పొద్దున్నే, మంచినీళ్లయినా ముట్టకుండా, గౌను మీద ఉన్ని స్వెట్టరుతో పోయి శెట్టి అంగట్లో వేరుశనక్కాయల బస్తాలు తూచే కాటా ఎక్కేదాన్ని. శెట్టి కాటా కడ్డీ మీద గుండు జరిపి అంకె చెప్పేవాడు. మెట్టు కింద నిలబడిన నాయన అందులో బట్టల కింద అరకిలో తీసేసి నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఆ డిసెంబరులో అందరిళ్లలోనూ బాణలి పొయ్యి మీదే ఉండేది. బెల్లం పాకం, కాగిన నూనె, ఏలకుల వాసన వీధి పొడుగునా వచ్చేది. ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడను పోతే చేతిలో పెట్టిన కజ్జికాయలన్నీ పక్కపిల్లలకు పంచి, అంటిన చక్కెర కూడా గౌనుకు తుడుచుకునేదాన్ని. ఇంటికొస్తే ఉడికిన గుడ్లు, గుప్పెడు కొర్రన్నం, నా చెయ్యి వెంటే నాయన చూపు.

నంద్యాలలో పోటీవాళ్ల మిషను మీద, ఒంటి మీద పల్చటి బనీను తప్ప ఏమీ లేకుండా నిలబడితే, నలభైన్నర. నాయన నోటుబుక్కులో సరిగ్గా నలభై. మళ్లీ ఎక్కాను. నలభైన్నరే. ఇంకో గంటలో తగ్గాలన్నారు. నాయన నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"ఏం తిన్యావ్ పాపా?"

"ఏం తిన్లా నాయనా."

"కాటా అబద్ధం చెప్తాదా? ఏం తిన్యావ్?"

మూడోసారి అడిగినప్పుడు, "పాటలకు పోయినప్పుడు కజ్జికాయలు తిన్యా" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. నాయన ముఖంలో కోపం రాలేదు, ఊరట కనిపించింది. దానికి నాకు ఎక్కడలేని ఏడుపొచ్చింది. రెండు స్వెట్టర్లు వేసుకుని గంటసేపు మైదానం చుట్టూ పరుగెత్తినా ఇంకా పావుకిలో మిగిలింది. నా పేరు కొట్టేశారు.

మర్నాడు సంగతి విని శెట్టి నెత్తి కొట్టుకున్నాడు. రైతు బస్తా తూస్తే గోనె బరువు కింద తరుగు తీసి చెప్పడం ఆయన అలవాటు.

"గోనెకు తీసినట్టే గుడ్డలకూ తీయల్ల గదా సారూ. రోజూ అరకిలో తీసే చెప్తాండా."

"నేనూ తీస్తాండా గదప్పా," అన్నాడు నాయన. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఇంటికి నడుస్తూ, "మరి తిన్యానని ఎందుకు చెప్పినావ్?" అని అడిగాడు. ఆయన మళ్లీ నన్ను తూకానికి తీసుకెళ్లలేదు. తన తప్పుకు సిగ్గుపడ్డాడో, చెయ్యని తప్పు ఒప్పుకున్న కూతురంటే భయపడ్డాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తర్వాత స్పోర్ట్స్ హాస్టల్లో చేరి పతకాలు తెచ్చాను. వాటిని చూసి మురిసిపోయాడు గానీ ఆ రోజు మాట ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు.

ఇప్పుడు శెట్టి అంగడి చోట సెల్‌ఫోన్ల షాపుంది. కాటా పాత ఇనుముకు పోయింది, షెడ్డు పడగొట్టారు. నేను ఇప్పుడు నేర్పే బడిలో తూకం మిషను గ్రాముల్తో సహా చూపిస్తుంది, ఎవరూ ఏమీ తీయనక్కర్లేదు. మొన్న బండి ఆత్మకూరు అనే ఊరి నుంచి వచ్చే పిల్ల దాని మీద ఎక్కితే మూడొందల గ్రాములు ఎక్కువ చూపించింది. నేను నోరు తెరవకముందే, "తిన్యా మేడం" అంది.

పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాను. నిజంగా తిన్నావా అని అడిగితే అవుననే అంటుంది. నేనైనా అవుననే అనేదాన్ని.