బిడ్డకు మాట లేని నవల

మా తెలుగు సారు పోయాడని మొన్న మంగళవారం పొద్దున ఆయన బిడ్డే ఫోన్ చేసి చెప్పింది. ఆ కబురు ఆమె నోటి నుంచే వచ్చినందుకు ముందు తృప్తి కలిగింది, తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకో చెప్తాను.

బోధన్ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. ఎవరినీ వాక్యం పూర్తి చేయనిచ్చేవాడు కాదు; సగం వినగానే మిగతా సగం తానే అందుకునేవాడు, అదీ మనకంటే బాగా. నిజామాబాద్‌లో ఏ సభ జరిగినా వేదిక మీద ఉండేవాడు. బిడ్డ ఇందల్వాయిలో ఒక మెథడిస్టు కుటుంబం అబ్బాయిని ఇష్టపడి చర్చిలో పెళ్లి చేసుకున్న రోజు కూడా సారు సభలోనే ఉన్నాడు. మనుషులంతా ఒక్కటేనని గంటసేపు మాట్లాడి శాలువా కప్పించుకున్నాడు. పెళ్లికి మాత్రం పోలేదు. పదకొండేళ్లు తండ్రీబిడ్డల మధ్య మాటల్లేవు.

రిటైరై, ఇంట్లో ఒంటరిగా మిగిలాక నవల మొదలుపెట్టాడు. రచ్చ గెలిచి ఇంట ఓడిన ముసలి పండితుడి కథ. ఆ పండితుడెవరో అడగాల్సిన పనిలేదు. “వ్యంగ్యం రాసేటోడు బురద ముందు తన మీద పోసుకోవాలె, మిగిలితే పక్కోని మీద సల్లాలె” అనేవాడు. శనివారం సాయంత్రం నిజామాబాద్‌లోని నా జిరాక్స్ దుకాణానికి వచ్చి, ఆ వారం రాసింది మా నలుగురికీ చదివేవాడు. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర పడనిదే పేజీ తిప్పేవాడు కాదు. శాలువాలు పట్టక పండితుడు బీరువాతో పోట్లాడే అధ్యాయానికి మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

వినేవాళ్లలో మోటార్లు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. సరైన చోట నవ్వేది అతనొక్కడేనని సారుకు గురి. అతను ఆయన అల్లుడే. పెళ్లికి పోని మనిషికి అల్లుడి ముఖం ఎట్లా తెలుస్తుంది? చెప్పొద్దని అతను బతిమాలాడు కనుక నేనూ నోరు మెదపలేదు.

నవల పూర్తయిన రోజు ఎట్లుందని సారు అతన్నే అడిగాడు. అతను లేచి నిలబడ్డాడు.

“సారూ, నేను మీ అల్లున్ని. మీరు సదివినయన్నీ ఇంటికి పోయి ఆమెకు చెప్తున్న.”

మేమంతా గోడల వైపు చూశాం. సారు కాగితాల కట్టకు దారం బిగిస్తూ, “నవ్వుతదా?” అన్నాడు.

“నవ్వది సారూ. గంత పెద్ద పుస్తకంల బిడ్డతోని ఒక్క మాట మాట్లాడియ్యలే, గదేం నవల అన్నది.”

సారుకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కట్ట విప్పి ఆ సాయంత్రమంతా తిరగేశాడు. నిజమే, పండితుడి పశ్చాత్తాపం పేజీలకు పేజీలుంది; బిడ్డ ఇల్లు విడిచిపోవడం రెండు వాక్యాల్లో అయిపోయింది.

“ఆమెతోని మాట్లాడిద్దామంటే, మా బిడ్డ ఎట్ల మాట్లాడుతదో యాదికొస్తలేదురా” అన్నాడు నాతో.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఇందల్వాయి పోయాడు. సంచిలో కొత్త నోటుబుక్కు, రెండు పెన్నులు. ఆమె కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. సాయంత్రం మమ్మల్ని సాగనంపడానికి పెద్దరోడ్డు దాకా వచ్చి, అక్కడ నోరు విప్పింది.

“నా పెండ్లి దినం సభల ఏం మాట్లాడినవ్ బాపూ? జర నాకు గూడ చెప్పు.”

సారు సంచి కింద పెట్టాడు. “నువ్వు చెప్పు బిడ్డా, నేను వింట” అన్నాడు.

ఆ నవల అచ్చుకాలేదు. బిడ్డ మాటలు అందులో చేరనూ లేదు. చివరి రెండేళ్లు ఆదివారం వస్తే ఇందల్వాయి పోవడమే ఆయనకు పనైంది, రాయడానికి తీరిక చిక్కలేదు. మా సారు ఓడిపోయాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మొదటి సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. నిజామాబాద్ బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ పిలిస్తే సారు చేత్తోనే పొమ్మన్నాడు. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. రోడ్డు పక్కన ఆమె చేతులు తిప్పుతూ, మధ్యమధ్య కొంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్తూనే ఉంది. మా సారు తల వంచి వింటున్నాడు.