అమ్మ బుగ్గలోంచి తీసిన కణం

మా చిన్నప్పుడు... సూరత్ పాండేసరలో మేమున్న ఒక్క గదిలో ఎక్కడ చూసినా మెరుపు రాళ్లే. దువ్వెనలో ఒకటి, పప్పులో ఒకటి, ఒక్కోరోజు బాపు (మా నాన్న) మీసంలో కూడా ఒకటి తళుక్కుమనేది. అమ్మ సేఠ్ దగ్గర్నుంచి చీరలు తెచ్చుకుని, ఇంట్లోనే కూర్చుని వాటికి ఆ రాళ్లు అతికించేది. బాపు మిల్లులో లూమ్ నడిపేవాడు. బడి నుంచి రాగానే సంచి మూల పడేసి నేనూ అమ్మ పక్కన కూర్చోవాల్సిందే...

ఆ పనిలో తప్పొకటే. డిజైన్‌లో ఖాళీ కనపడకూడదు. కనపడిందా, సేఠ్ 'డ్యామేజ్' అని చీర మొహాన కొడతాడు. అందుకే అమ్మ కళ్లు ఎప్పుడూ ఖాళీని వెతుకుతూ ఉండేవి.

నేను తెలుగు బడిలోనే చదివాను. (సూరత్‌లో తెలుగు బడేమిటి అని నవ్వకండి, మా గల్లీ సగం కరీంనగర్ వాళ్లే!) తొమ్మిదిలో ఉండగా బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. జంతుకణం నమూనా నన్ను చేయమన్నారు టీచర్. నా పేరు అలా పిలవడం అదే మొదటిసారి... నేల మీద నడిస్తే ఒట్టు.

సరిగ్గా అప్పుడే బాపు తేల్చేశాడు. ఈ ఏడాదితో చదువు చాలు, పిల్ల ఇంట్లో కూర్చుంటే అమ్మకు ఇంకో రెండు చేతులు సాయమవుతాయని. అమ్మ ఔననలేదు, కాదనలేదు. ప్రదర్శనకు తల్లులను కూడా రమ్మన్నారు కదా, అప్పుడే టీచర్‌కు ఆ మాట చెప్పేసి వస్తానంది. ఆమె బడి గడప తొక్కడం అదే మొదలు... తొక్కేది నన్ను మాన్పించడానికి.

ఏడుస్తూనే నమూనా చేశాను. అట్ట మీద పాత చీర ముక్క. చుట్టూ లేసు, అది కణత్వచం... కావలసినదాన్నే లోపలికి రానిస్తుంది. నడుమ పెద్ద ఎర్ర రాయి, కేంద్రకం. మామిడిపిందెల్లాంటి పచ్చ రాళ్లు మైటోకాండ్రియా, కణానికి శక్తినిచ్చేవి. నేను పైకి చదువుతుంటే "లూమ్‌కు మోటరు లెక్కనా?" అంది అమ్మ చీర మీంచి తలెత్తకుండానే. మిగిలినదంతా కణద్రవ్యం. పుస్తకంలో ఉన్నట్టే ఖాళీగా వదిలి, నీళ్లు పట్టడానికి పోయాను.

బిందెతో వచ్చేసరికి కొంప మునిగింది. ఒక్క వేలు మోపేంత చోటు లేదు! అమ్మ ఖాళీ అంతా తెల్లరాళ్లతో నింపేసి, జిగురు ఆరిందో లేదో చూస్తోంది.

"గంత జాగ ఖాళీ ఇడిస్తే డ్యామేజ్ అంటరు బిడ్డా" అంది ఎంతో ప్రేమగా.

ఆ జిగురు ఆరితే చీర చిరుగుతుంది గానీ రాయి ఊడదు. చేసేదేం లేక అలాగే పట్టుకుపోయాను. బడి దాకా నేను ముక్కు చీదడం, అమ్మ కొంగుతో తుడవడం.

టీచర్ దాన్ని చాలాసేపు చూశారు. తప్పెలా జరిగిందో నసుగుతూ చెప్పాను. ఆవిడ నవ్వేశారు. నిజం కణంలో ఖాళీ అనేదే ఉండదట... నీళ్లు, ప్రొటీన్లు, ఇంకా ఎన్నో ఒకదాన్నొకటి రాసుకుంటూ కిక్కిరిసి ఉంటాయట. మనకు అర్థం కావాలని పుస్తకంలో అలా ఖాళీగా గీస్తారట. మా గదిలా అన్నమాట, అనుకున్నాను నేను.

అమ్మ మాత్రం టీచర్ మొహమాటానికి అంటున్నారనుకుంది. "మేడం, గీ యేడుతోని పిల్లను..." అని మొదలుపెట్టింది. టీచర్ విన్నారో లేదో, నోరు తెరవమ్మా అని పుల్లతో అమ్మ బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజు పలక మీద రాసి, నీలం రంగు చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు.

అమ్మకు ఒంటికన్నుతో చూడటం రాలేదు. ఒకటి మూస్తే రెండోదీ మూతపడుతోంది. వెనకున్న పిల్లలు కిసుక్కుమంటున్నారు. నాకు కోపమొచ్చింది. వెళ్లి అమ్మ ఎడమ కన్ను నా అరచేత్తో కప్పాను... ఆమె రెప్పలు నా చేతిలో పిట్టలా కొట్టుకోవడం ఇంకా గుర్తు.

"ఇది నేనేనా?" అంది.

నువ్వే అన్నాను.

"నడుమ గా సుక్క ఏంది?"

"కేంద్రకం అమ్మా. నువ్వు ఎట్లుండాల్నో అన్నీ అండ్లనే ఉంటయ్. అండ్ల సగం నాకిచ్చినవ్."

అమ్మ ఇంకాస్త ముందుకు వంగింది. వరుస పెరిగిపోతున్నా కన్ను తీయలేదు. కాసేపటికి నా అరచెయ్యి తడిసింది.

ఇందాక ఏదో చెప్పబోయారు కదమ్మా అని టీచర్ అడిగారు. అమ్మ కొంగు సర్దుకుంది. "ఏం లే మేడం... పది అయినంక గూడ దీన్ని సదివియ్యాల్నంటే, యాడ ఎయ్యాలె?"

బాపు కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు. తర్వాత కాలేజీకి సైకిల్ మీద దింపిందీ ఆయనే...

ఇప్పుడు నేను సూరత్‌లోనే, కతర్‌గామ్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కణాలన్నీ పెద్ద తెర మీదే కనిపిస్తాయి. ఎవరి కన్నూ ఎవరూ కప్పక్కర్లేదు... ఆ వెచ్చదనమూ లేదు.

మీ అమ్మో నాన్నో మొదటిసారి మీ బడికొచ్చిన రోజు గుర్తుంటే కింద రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను. నిన్ననే ఆమెకు శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి కట్టుంది. ఇందాక పిలిచి అంటుంది కదా...

"గా బడిల సూసిన మిషిన్ గిప్పుడు పట్కరా బిడ్డా. ఒక కన్ను మూసే ఉన్నది. గీసారి నీ చెయ్యి అక్కర లే."

నీకు లేకున్నా నాకున్నదమ్మా, అన్నాను.