ఏట బందు గది

శ్రీకాకుళంలో కోయించిన అద్దం ముక్కల్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని విజయనగరం బస్సెక్కాను. పక్క సీట్లో చేపలమ్ముకుని తిరిగి వెళుతున్న ఒకామె, కాళ్ల దగ్గర ఆమె ఖాళీ సత్తు గిన్నె.

“అవేటి బాబూ, ఫొటోలకా?”

మా ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టి ఉందనీ, దాని నీళ్లు కింది తొట్టిలోకి దిగి, శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకెక్కుతాయనీ, ఇవి ఆ కింది తొట్టికి అడ్డుగోడలనీ చెప్పాను.

“ఇందల పెట్టి సూపించు” అంటూ గిన్నెను మా ఇద్దరి మోకాళ్ల మీదికి ఎత్తింది.

ఒక అద్దం గిన్నెలో నిలబెట్టి, రెండోదాన్ని కాస్త పైకెత్తి పట్టుకున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా ఆమె గిన్నెను అదిమి పట్టింది.

“నీళ్లు దీని మీంచి దాటి, దీని కిందనుంచి దూరితే బుడగలు పోతాయి. ఈ పక్క గదిలో నాచు పెంచుతాం. అందులో సన్న పురుగులు పుడతాయి.”

“సేపలు తినెయ్యవా?”

“ఈ గదిలోకి చేపల్ని రానివ్వం.”

ఆమె పకపకా నవ్వింది. “ఎండాకాలం సేపలు గుడ్లు పెడతాయని మమ్మల్నీ ఇలాగే సముద్రంలోకి ఏటకి ఎల్లనివ్వరు. ఇది ఏట బందు గదన్నమాట! ఆ రోజుల్లో మాకు కూడు ఎతుకులాటే. నీ సేపల్ని మాత్రం పస్తు పెట్టకు బాబూ.”

రణస్థలంలో దిగేముందు అద్దాల్ని తనే తువ్వాల్లో చుట్టి ఇచ్చింది.

ఆ గదిని చేపల తొట్ల గురించి తెలిసినవాళ్లు రెఫ్యూజియం అంటారు. మా ఇంట్లో మాత్రం, వేటను ఆమె పలికినట్టే, ఏట బందు గదే. అక్కడి పురుగులు ఒకటీ అరా చివరి అద్దం దాటి, మోటారు నీళ్లతో పైతొట్టిలోకి వస్తే చేపలు ఎగబడతాయి. అప్పుడు మా ఆవిడ నన్ను కేకేస్తుంది:

“రండి, ఏట తెరిచారు!”