సమీరా కెమెరా, నా ఫిల్టరు

ముందే చెప్తున్నా, ఇది విని ఎవరైనా నవ్వితే టీ ఇవ్వను. ఎనిమిదో క్లాసు పిల్ల ముప్పైమంది ముందు నన్ను కడిగిపారేసింది. పైగా తప్పు నాదే. అదీ నా కడుపుమంట.

ఆన్‌లైన్ క్లాసులు మొదలై ఏడాది కావస్తోంది కదా. దుబాయ్ పక్కనే రోలాలో మా ఫ్లాట్ సంగతి మీకు తెలుసు, హాల్లో మా ఆయన ఆఫీసు, బెడ్‌రూంలో నా స్కూలు. ఈ నెల సోషల్‌లో అమెరికా నల్లజాతి వాళ్ల చరిత్ర వచ్చింది. సూపర్‌వైజర్ హుకుం ఏంటంటే, ఏం చదవాలో, ఎలా చెప్పాలో పిల్లలే ఎంచుకోవాలట, నేను వేలు పెట్టకూడదట. సరే, స్లైడు మీద నాలుగు గళ్లు గీశాను. ఒక మనిషి జీవితం, ఒక చట్టం, ఒక పాట, లేదంటే సొంత ప్రశ్న. బొమ్మ వేస్తారో, మాట్లాడతారో వాళ్లిష్టం.

సగం మంది నెట్‌లో మొదట కనపడిందే పట్టుకొచ్చారు. ఒకడైతే "మేడం, వీటిలో ఏది చిన్నది?" అనడిగాడు. ఒళ్లు మండింది. సమీరా ఒక్కతే సొంత ప్రశ్న తీసుకుంది. కడప వాళ్లమ్మాయి, మెసేజుల్లో నాతో తెలుగులోనే మాట్లాడుతుంది. "నలుపు తక్కువని వాళ్లకి ఎవరు నేర్పారు, మనకి ఎవరు నేర్పారు?" అన్నది ఆ పిల్ల ప్రశ్న. మురిసిపోయాను.

తీరా చెప్పాల్సిన రోజు సూపర్‌వైజర్ కూడా క్లాసులో చేరింది. సమీరా కెమెరా ఆఫ్. ఏప్రిల్ నుంచీ అంతే, గొంతే గానీ మొహం లేదు. "కెమెరా పెట్టమ్మా" అన్నాను.

"వద్దు మేడం. ఎలా చెప్పాలో మా ఇష్టమన్నారుగా."

సూపర్‌వైజర్ ముందు ఎదురు చెప్తుందా అని తిక్క రేగింది నాకు. ఇక అందుకున్నాను. వాళ్లు ఎన్ని దెబ్బలు తిన్నారు, ఎంత పోరాడారు, మన రంగు చూసి మనమే దాక్కుంటే ఈ పాఠం ఎందుకు, ఈ ప్రాజెక్టు ఎందుకు అని చేతులు ఊపుతూ ఐదు నిమిషాలు దంచాను. రంగు మాట ఆ పిల్ల ఎత్తనేలేదు. నేనే ఎత్తాను, చూడండి నా తెలివి.

సమీరా ఇంగ్లీషులో, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. "మేడం, మొదటి రోజు నేను కెమెరా పెట్టాను. లైట్ వేసుకో, నువ్వు కనపడట్లేదు అన్నారు మీరు. అందరూ నవ్వారు. అప్పుడు లైట్ వేసే ఉంది మేడం."

నాకు గుర్తు కూడా లేదు. అని ఉంటాను. నాలుక కోసేసుకోవాలనిపించింది. సారీ చెప్పేలోపే ఇంకోటి అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "మీ చేతులు నా రంగులోనే ఉన్నాయి. మొహం ఒక్కటే తెల్లగా ఎందుకుంది మేడం?"

ఫిల్టరు. కెమెరాలో మొహాన్ని తెల్లగా చూపిస్తుందని ఏడాదిగా రోజూ పొద్దున్నే పెట్టుకుంటున్నా. అది మొహానికే పనిచేస్తుంది, చేతుల సంగతి దానికి పట్టదు. కంగారులో తీసేయబోయి దాన్ని చివరిదాకా పెంచేశాను. మొహం మైదాపిండి ముద్దయిపోయింది, ముక్కు కూడా కనపడలేదు. క్లాసంతా పడీపడీ నవ్వింది. సూపర్‌వైజర్ చప్పున తన కెమెరా ఆపేసుకుంది. నవ్వు దాచుకోడానికని నాకు తెలీదా.

చివరికి ఎలాగో తీసేశాను. "సారీ సమీరా, ఆ మాట అనకూడదు, తప్పు నాదే. నీకిష్టమైనట్టే చెప్పు" అన్నాను. తర్వాత తనంతట తనే కెమెరా పెట్టింది. వాళ్ల మేనత్త ఇచ్చిన తెల్లబడే క్రీము ట్యూబు చేత్తో పట్టుకుని, ఎక్కడా తడబడకుండా పది నిమిషాలు చెప్పింది. ఒక్కడూ నవ్వలేదు.

నా కోపం మాత్రం ఇంకా దిగలేదు. నలుపైనా కళగా ఉందంటూ నన్ను పెంచిన వాళ్ల మీద, ఆ మాటని దుబాయ్ దాకా మోసుకొచ్చి ఇంకొకరి పిల్ల నెత్తిన రుద్దిన నా మీద.

ఇప్పుడు ఫిల్టరు లేకుండానే పాఠం చెప్తున్నా. ఒట్టు. పౌడరు మాత్రం మానలేకపోయాను. ఈసారి చేతులక్కూడా రాస్తున్నా.